హరికేన్‌కు రివెట్లు ఎక్కడి దాకా? ఇంట్లో కట్టిన ఆర్సీ యుద్ధ విమానానికి స్కేల్ వివరాలు

సైనిక్‌పురి_విమానం

సభ్యులందరికీ నమస్కారం. ఎనిమిది నెలలుగా శని, ఆదివారాల్లో కూర్చుని కట్టుకున్న ఆర్సీ (రేడియో రిమోట్‌తో ఎగిరే) హాకర్ హరికేన్, అంటే రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ యుద్ధ విమానం నమూనా, ఇప్పటికి పదకొండు సార్లు ఎగిరి, పదకొండు సార్లూ చక్రాల మీదే దిగింది. ఎనిమిదో వంతు స్కేలు కాబట్టి రెక్కల వెడల్పు 1524 మిల్లీమీటర్లు, పొడవు 1229 మిల్లీమీటర్లు. ఫోమ్‌బోర్డు, అక్కడక్కడా బాల్సా, రెక్క మధ్యలో కార్బన్ గొట్టం వాడాను. బ్యాటరీతో కలిపి 2180 గ్రాములు తూగింది. ఎగరడం వరకు నాకు సంతృప్తిగానే ఉంది గాని, నేల మీద చూస్తే తెల్లటి అట్టపెట్టెకు రెక్కలు పెట్టినట్లుంది. అందుకని 1944లో జపాన్‌తో జరిగిన బర్మా యుద్ధంలో, ఇంఫాల్‌లో అర్జన్ సింగ్ నాయకత్వంలో పోరాడిన మన వైమానిక దళపు ఒకటో స్క్వాడ్రన్ హరికేన్‌లా దీన్ని తీర్చిదిద్దాలని నిశ్చయించుకున్నాను.

ఇన్సులిన్ సిరంజిలో ఫెవికాల్ నింపి, చుక్క చుక్కగా రివెట్లు (లోహపు రేకులను బిగించే మేకుల తలలు) పెట్టడం మొదలుపెట్టాను. తోక దగ్గర ప్రారంభించి రెండు రాత్రుల్లో ఎడమ పక్క దాదాపు 600 చుక్కలు పూర్తయ్యాయి. ఈ స్కేలులో రివెట్ల మధ్య ఎంత దూరం ఉండాలో, ప్యానెల్ గీతలు (రేకుల అతుకుల గీతలు) ముందు గీయాలో రివెట్లు ముందు పెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

పాత_రివెటు

బాబూ, మీ ఓపికను మెచ్చుకుంటున్నాను గాని ముందు ఆ సిరంజి పక్కన పెట్టండి. మీరు 600 రివెట్లు కొట్టింది గుడ్డ మీద.

హరికేన్ మొదటిసారి ఎగిరింది 1935 నవంబరు 6న. దాన్ని రూపొందించిన సిడ్నీ క్యామ్ అంతకుముందు ఒకదాని మీద ఒకటిగా రెండు వరుసల రెక్కలుండే గుడ్డ విమానాలు కట్టిన మనిషి కావడంతో, పాత పద్ధతిని పూర్తిగా వదిలిపెట్టలేదు. పైలట్ కూర్చునే చోటు దాటాక వెనక భాగమంతా లోహపు గొట్టాల చట్రం, దాని చుట్టూ ఒంటికి ఆకారమిచ్చే చెక్క ఫార్మర్లు, వాటి మీద పొడవుగా సాగిన సన్నటి చెక్క బద్దలు, ఆ పైన డోప్ (ఆరితే గుడ్డను బిగించే వార్నిష్ లాంటి ద్రవం) పూసి బిగించిన నార గుడ్డ. చుక్కానికి, ఎలివేటర్లకు (తోక మీద పైకీ కిందికీ కదిలే పలకలు), ఐలరాన్లకు (రెక్కల అంచున కదిలే పలకలు) కూడా గుడ్డే. తొలి హరికేన్లకైతే రెక్కలకు కూడా గుడ్డే ఉండేది. లోహపు రెక్క 1939లో వచ్చింది. మీరు ఎంచుకున్నది బర్మా యుద్ధకాలపు విమానం కాబట్టి రెక్కకు రివెట్లు పెట్టవచ్చు. కాక్‌పిట్‌కు ముందున్న భాగానికి విప్పి బిగించే లోహపు పలకలు ఉంటాయి కనుక, అక్కడ రివెట్ల కంటే బిగింపు మరల తలలే ఎక్కువగా కనబడతాయి. వెనక భాగంలో కనబడవలసింది గుడ్డ కింద పైకి తేలిన బద్దల వరుసలు మాత్రమే.

నేను చాలాకాలం ఒక ఫ్లయింగ్ క్లబ్బులో పుష్పక్ విమానాలకు గుడ్డ తొడిగే పని చేశాను. రెక్కలోని ప్రతి పక్కటెముక దగ్గరా పొడుగు సూదితో, మైనం పూసిన దారంతో గుడ్డను కుట్టి, ముడి వేసి, ఆ కుట్టు మీద అంచులు రంపపు పళ్లలా కత్తిరించిన గుడ్డ పట్టీని డోప్‌తో అంటించేవాళ్లం. డోప్ ఆరాక వేలితో కొడితే డోలు మోగినట్లు మోగాలి. దూరం నుంచి చూసినప్పుడు గుడ్డ విమానాన్ని పట్టిచ్చేది ఆ పట్టీలూ, పట్టీల కింద వరుసగా తేలిన చిన్న చిన్న ముడుల ఉబ్బులే. మీ సిరంజి వృథా పోదు. చుక్కాని మీద, ఎలివేటర్ల మీద పక్కటెముకలు ఉండే చోట వరుసగా ఫెవికాల్ చుక్కలు పెట్టి, ఆరాక వాటి మీద 4 లేక 5 మిల్లీమీటర్ల వెడల్పున్న పల్చటి కాగితపు పట్టీ అంటించండి. కుట్టు ముడులు అచ్చం అలాగే కనబడతాయి.

గ్రాముల_లెక్క

పెద్దాయన చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. నా అభ్యంతరం వేరే ఉంది. ఎగిరే విమానానికి అలంకారం పెంచుకుంటూ పోతే అసలుకే మోసం వస్తుందని సొంత చేతులతో తెలుసుకున్నవాణ్ణి నేను. మూడేళ్ల క్రితం ఇదే పరిమాణంలో ఉన్న నా విమానానికి రివెట్లు, ప్యానెళ్లు, నాలుగు పూతల రంగు, పైలట్ బొమ్మ, బాంబులు అన్నీ తగిలించాను. మునుపటి వేగంతోనే దించబోతే నేలకు మూడు మీటర్ల ఎత్తులో ఎడమ రెక్క వాలిపోయి బోర్లా పడింది. బాంబులు మాత్రం చెక్కుచెదరలేదు.

లెక్క చూడండి. అసలు హరికేన్ రెక్కల వైశాల్యం 257.5 చదరపు అడుగులు. ఎనిమిదో వంతు స్కేలులో అది 64 రెట్లు తగ్గి సుమారు 4 చదరపు అడుగులు, అంటే దాదాపు 37 చదరపు డెసిమీటర్లు అవుతుంది. ఇప్పుడు 2180 గ్రాములకు చదరపు డెసిమీటరుకు 58 గ్రాముల భారం పడుతోంది. అలంకారాలతో బరువు 2600 గ్రాములకు చేరితే అది 70 గ్రాములకు చేరుతుంది. విమానం గాలిలో నిలవలేక కూలే వేగం 9 శాతం పెరుగుతుంది. రివెట్లు మానేసి నాలుగు గీతలు పెన్సిలుతో గీసుకోండి. ఇరవై మీటర్ల దూరంలో ఎగిరేదానికి రివెట్లు ఎవరికి కనబడతాయి?

పాత_రివెటు

గ్రాములవారూ, మీరు గ్రాములు లెక్కపెట్టేవారే గనుక ఈ లెక్క కూడా చూడండి. ఒక మిల్లీమీటరు వెడల్పున్న అర్ధగోళపు ఫెవికాల్ చుక్క పావు ఘన మిల్లీమీటరు పైచిలుకు. అలాంటివి 5000 పెట్టినా మొత్తం జిగురు 1.3 ఘన సెంటీమీటర్లు, అంటే పచ్చిగా ఒకటిన్నర గ్రాములు. ఆరితే ఇంకా తక్కువ. మీ విమానాన్ని కూల్చింది రివెట్లు కావు, నాలుగు పూతల రంగు.

గ్రాముల_లెక్క

ఒప్పుకుంటున్నాను. ఇన్నాళ్లూ రివెట్లను అన్యాయంగా తిట్టుకున్నాను. నిన్న రాత్రి ఒక ఫోమ్ ముక్కకు రంగు పూసి, ముందూ వెనకా తూచాను. కుంచెతో వేసిన ఒక పూత, ఆరిన తర్వాత, చదరపు మీటరుకు 40 గ్రాముల దగ్గర తేలింది. సైనిక్‌పురివారి విమానానికి రెక్క పైనా కిందా, ఫ్యూజలాజ్, తోక అన్నీ కలిపితే సుమారు 1.4 చదరపు మీటర్ల ఒళ్లు ఉంటుంది. ఒక్కో పూతకు 56 గ్రాములు. నాలుగు పూతలు వేస్తే 224 గ్రాములు. కుంచె వదిలేసి పల్చగా స్ప్రే చేస్తే అందులో సగం మిగులుతుందని నా అంచనా.

ఇంకొక్క మాట. బరువు ఎంత అన్నదానికంటే ఎక్కడ అన్నది ముఖ్యం. ఈ విమానానికి ముక్కు పొట్టి, తోక పొడుగు. సీజీ (విమానం బరువు సమతూకంగా నిలిచే బిందువు) నుంచి తోక దాదాపు 75 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ముక్కులో బరువు పెట్టగలిగే చోటు మహా అయితే 25 సెంటీమీటర్ల దూరం. కాబట్టి తోక మీద 10 గ్రాములు పెట్టిన ప్రతిసారీ ముక్కులో 30 గ్రాముల సీసం పెట్టవలసి వస్తుంది. రివెట్లు మీ ఇష్టం గాని, తోక మీద రంగు మాత్రం పిసినారిలా వేయండి.

ధూల్‌పేట_పతంగి

వెనక భాగంలో బద్దల వరుసలు ఎలా తేల్చాలన్న ప్రశ్నకు నా దగ్గర సమాధానం ఉంది. మా ఇంట్లో మూడు తరాలుగా సంక్రాంతికి పతంగులు కడతాం. పతంగికి అడ్డంగా విల్లులా వంచే వెదురు పుల్లను కత్తితో చీల్చి, గాజు పెంకుతో గీకి, ఒకటిన్నర మిల్లీమీటరు మందానికి తెస్తే వంగుతుంది గాని విరగదు, పొడవునా ఒకే మందం ఉంటుంది. బాల్సా కంటే కొంచెం బరువే అయినా అంత సన్నగా వాడితే లెక్కలోకి రాదు. ఒక్కో పక్కన ఎన్ని బద్దలు ఉండాలో ఫొటోలో లెక్కపెట్టుకుని, కాక్‌పిట్ వెనక నుంచి తోక దాకా, వెనక్కి పోయే కొద్దీ దగ్గరయ్యేలా అంటించండి. తోకకు దగ్గరైన చివరి జానెడులో పుల్లను ఇంకా సన్నగా గీకితే గ్రాములవారి లెక్క కూడా తప్పదు.

వాటి మీద పతంగి కాగితం వేయవద్దు, చిట్లిపోతుంది. జనరల్ బజార్‌లో దొరికే చాలా పల్చటి లైనింగ్ గుడ్డ, పాలిస్టర్‌ది, తీసుకుని, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అంటించి, ఆరాక ఇస్త్రీపెట్టెను తక్కువ వేడి మీద ఉంచి తాకీ తాకనట్లు తిప్పండి. గుడ్డ ముడుచుకుని బద్దల మధ్య లోపలికి లాగుతుంది. ఎక్కువ వేడి పెడితే కింద ఫోమ్ కూడా ముడుచుకుంటుంది కాబట్టి ముందు పనికిరాని ముక్క మీద చేయి తిప్పుకోండి.

సైనిక్‌పురి_విమానం

అందరికీ కృతజ్ఞతలు. 600 రివెట్లనూ తడిగుడ్డతో తుడిచేశాను. ఫెవికాల్ కాబట్టి వచ్చేసింది గాని మనసుకు మాత్రం కష్టంగా ఉంది. వెదురు బద్దలు, లైనింగ్ గుడ్డ పూర్తయ్యాయి. పక్కనుంచి ఎండ పడినప్పుడు బద్దల నీడలు తోక దాకా సన్నబడుతూ వెళ్తుంటే మా నాన్నగారు కూడా వచ్చి రెండుసార్లు వేలితో తాకి చూశారు. వెనక్కి చేరిన బరువు మొత్తం 22 గ్రాములు.

ఆ సంతోషంలో ఒక తప్పు చేశాను. రంగు ఎలా ఉంటుందో చూద్దామని మోటారు సైకిళ్లకు కొట్టే స్ప్రే డబ్బా కొని కుడి రెక్క కొసన కొట్టాను. బుస్సుమని పొగ లేచినట్లై, గుప్పెడంత మేర ఫోమ్ చక్కెరపాకంలా కరిగి గుంట పడింది. ఆ ముక్క కోసి కొత్తది అతికించాను. ఇప్పుడు రంగుల డబ్బా చూస్తేనే భయంగా ఉంది. ఏ రంగు వాడాలి?

చిత్ర_దిల్‌సుఖ్‌నగర్

స్ప్రే డబ్బాల్లోని ద్రావకం ఫోమ్‌ను తినేస్తుంది. నీళ్లతో కలిపే ఆక్రిలిక్ ఏదైనా ఫరవాలేదు. అంతకంటే సులువైన మార్గం గోడలకు వేసే మెరుపు లేని ఎమల్షన్. పెయింట్ల దుకాణంలో రంగులు కలిపే యంత్రం ఉంటుంది కదా, నమూనా చూపించి ముదురు ఆకుపచ్చ, ముదురు మట్టి రంగు, అడుగు భాగానికి సముద్రపు బూడిద రంగు, అతి చిన్న డబ్బాలు కలిపించుకోండి. గోడ రంగు అన్న చిన్నచూపు అక్కరలేదు. బాగా వడకట్టి, నీళ్లు కలిపి, చిన్న కంప్రెసర్‌తో ఎయిర్‌బ్రష్ చేస్తే ముసుగు వేసినట్లు పల్చగా కూర్చుంటుంది.

నమూనాలో ఉన్న రంగును యథాతథంగా వేయవద్దు. ఎనిమిది మీటర్ల దూరం నుంచి అసలు విమానాన్ని చూస్తే ఎలా కనబడుతుందో, మీ విమానం ఒక మీటరు నుంచి అలా కనబడాలి. దూరం రంగును పాలిపోయేలా చేస్తుంది కాబట్టి ప్రతి రంగులోనూ ఎనిమిది తొమ్మిది పాళ్లకు ఒక పాలు తెలుపు కలపండి. ఆకుపచ్చకూ మట్టి రంగుకూ మధ్య గీత కత్తితో కోసినట్లుండకూడదు. అసలు విమానం మీద ఆ అంచు అంగుళం మేర కలిసిపోతే మీ దాని మీద 3 మిల్లీమీటర్లు కలవాలి. కాగితంతో ముసుగు కోసి, దాని కింద పిల్లలు ఆడుకునే మట్టిని సన్నటి తాళ్లలా చుట్టి పెట్టి, ముసుగు ఒంటిని తాకకుండా కాస్త పైకి లేపి ఎయిర్‌బ్రష్ చేయండి. అంచు దానంతట అదే మెత్తబడుతుంది.

ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. బర్మా రంగంలోని మన వైపు విమానాలపై, ఎవరిదో తెలిపే వృత్తం గుర్తులో ఎరుపు ఉండదు. జపాన్ విమానాల గుర్తు ఎర్రటి సూర్యబింబం కావడంతో, తొందరపాటులో సొంతవారినే కాల్చుకోకుండా మధ్యలోని ఎరుపు తీసేశారు. ముదురు నీలం మధ్య లేత నీలం చుక్క వేయండి. మీరు బ్రిటన్ పోరాటపు ఫొటోలు చూసి ఎర్రచుక్క పెట్టారంటే మన ఒకటో స్క్వాడ్రన్ అని చెప్పుకోవడానికి వీల్లేదు.

పాత_రివెటు

ఈ అమ్మాయి చెప్పినదానికి నేను రెండు కలుపుతాను. మొదటిది, ముక్కు కింద వోక్స్ ధూళి ఫిల్టరు. ఎడారుల్లోనూ, మన ప్రాంతాల్లోనూ ఇంజను దుమ్ము పీల్చకుండా గాలి లోపలికి పోయే చోట దీన్ని బిగించేవారు. గడ్డం వాచినట్లు కనబడుతుంది. మీరు ఎంచుకున్న ఫొటోలో అది ఉంటే తప్పక పెట్టండి, ఎందుకంటే పక్కనుంచి ఎగిరిపోయేటప్పుడు హరికేన్ రూపాన్ని మార్చేది అదే. వెయ్యి రివెట్లు చేయలేని పని ఆ ఒక్క ఉబ్బు చేస్తుంది. ఫోమ్ చెక్కి చేసుకోవచ్చు.

రెండోది, తుపాకులు. మీరు చేసే హరికేన్ రకం మార్క్ 2బి అయితే రెక్కల్లో పన్నెండు మెషిన్ గన్లు. వాటికి రెక్క అంచున రంధ్రాలు, పైన ఎర్రటి గుడ్డ ముక్కలు ఉంటాయి. మార్క్ 2సి అయితే 20 మిల్లీమీటర్ల ఫిరంగులు నాలుగు, గొట్టాలు ముందుకు పొడుచుకు వస్తాయి. రెండూ కలిపి పెట్టవద్దు. గొట్టాలకు బరువైన ఇత్తడి వద్దు. కూల్‌డ్రింకు స్ట్రా మీద కాగితం చుట్టినా చాలు, విమానం గడ్డిలో బోర్లా పడినా ఎవరి కన్నూ పోదు.

కోఠి_సర్క్యూట్

ముందు భాగపు లోహపు పలకలకు మా దారి చెబుతాను. సుల్తాన్ బజార్ వైపు ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో వాడేసిన అల్యూమినియం ప్లేట్లు తూకానికి అమ్ముతారు. నా దగ్గరున్నది 0.15 మిల్లీమీటర్ల మందం, కత్తెరతో కోయవచ్చు. గట్టిగా ఉంటుంది కాబట్టి వంకర ముక్కుకు సరిపోవాలంటే వేడి చేసి మెత్తబరచాలి. బట్టల సబ్బు రుద్ది, గ్యాస్ మంట మీద కదుపుతూ పట్టుకుంటే సబ్బు గోధుమ రంగు దాటి నల్లబడుతుంది. అక్కడే తీసేయాలి, ఇంకొంచెం ఉంచితే ప్లేటు కరిగి చినుగుతుంది. చల్లారాక వేలితో నొక్కితే కాగితంలా వంగుతుంది. వెనకనుంచి ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో నొక్కితే మర తలలు ముందుకు తేలుతాయి.

గ్రాముల_లెక్క

ఆ మందం అల్యూమినియం చదరపు మీటరుకు 405 గ్రాములు. రెక్క మొత్తానికి వేస్తే మునిగిపోతారు. ముక్కు పక్కలకు మాత్రం 600 చదరపు సెంటీమీటర్లు పట్టవచ్చు, అంటే 24 గ్రాములు. వెనక 22 గ్రాములు పెంచుకున్నారు కదా, అదంతా తోక కొసనే ఉందనుకుంటే ముందు 66 గ్రాములు కావాలి. సీసం బదులు ఆ బరువులో కొంత ఇలా కనబడే వస్తువుగా పెట్టుకోవచ్చు. ఈ చర్చ మొదలైనప్పుడు నేను వివరాలకు వ్యతిరేకిని; ముక్కు వరకు మాత్రం పార్టీ మారుతున్నాను.

సైనిక్‌పురి_విమానం

ముక్కుకు ప్లేట్లు వేశాను. మొదటిది కరిగిపోయింది, రెండోది కుదిరింది. మర తలల దగ్గర వెండి రంగు అక్కరలేకుండా నిజమైన లోహమే రంగు కింద ఉండటం వల్ల, ఇసుక కాగితంతో కాస్త గీకగానే అసలైన అరుగుదల కనబడింది. ఇక గాజు కప్పు, పైలట్ మిగిలాయి. బజారులో దొరికే ప్లాస్టిక్ పైలట్ బొమ్మ 85 గ్రాములు ఉంది.

పాత_రివెటు

కప్పుకు రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా చాలు. మెత్తటి చెక్కతో అచ్చు చెక్కి నునుపు చేసి, సీసాలో దూర్చి, హీట్ గన్‌తో నెమ్మదిగా చుట్టూ తిప్పితే సీసా ముడుచుకుని అచ్చుకు అతుక్కుంటుంది. చట్రపు కమ్మీలను రంగు పూసిన సన్నటి టేపు పట్టీలతో వేయండి. హరికేన్ కప్పుకు కమ్మీలు ఎక్కువ, వాటిలో ఒకటి వంకరపోయినా కన్ను అక్కడికే పోతుంది.

పైలట్‌కు బజారు బొమ్మ ఎందుకు? నిర్మల్ బొమ్మలు చేసే పొణికి కర్ర ముక్క దొరికితే తల, భుజాలు చెక్కుకోండి. అది ఎంత తేలికంటే చేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియదు. కత్తికి వెన్నలా తెగుతుంది. నడుము కింద అవసరం లేదు. మీరు చేసేది ఒకటో స్క్వాడ్రన్ కాబట్టి తలకు తోలు టోపీ బదులు తలపాగా చుట్టడం గురించి కూడా ఆలోచించండి. బ్రిటన్‌లో హరికేన్లు నడిపిన మహీందర్ సింగ్ పుజ్జీ తలపాగాతోనే ఎగిరేవారు. చిన్న గుడ్డ పీలికను జిగురులో ముంచి చుట్టితే నిజమైన మడతలు వస్తాయి.

చిత్ర_దిల్‌సుఖ్‌నగర్

తలపాగా సరే, ముఖానికి మాత్రం కళ్లు, పెదవులు వివరంగా గీయవద్దు. కనుబొమల కింద కాస్త నీడ, ముక్కు మీద కాస్త వెలుగు చాలు. వివరంగా గీస్తే గాజు వెనక బొమ్మల కొలువులో బొమ్మలా తేరి చూస్తుంది.

మసి మరకలకు బొగ్గు పొడి మెత్తగా నూరి, మెత్తటి కుంచెతో ఎగ్జాస్టు గొట్టాల నుంచి రెక్క మొదలు మీదుగా వెనక్కి లాగండి. గాలి ఎటు పోతుందో మసి కూడా అటే పోవాలి. చాలామంది నిలువుగా కిందికి కార్చేస్తారు. చివరగా మెరుపు లేని వార్నిష్ ఒకే ఒక పల్చటి పూత వేయండి, లేకపోతే బొగ్గంతా మీ చేతులకే అంటుతుంది.

ధూల్‌పేట_పతంగి

కాక్‌పిట్ వెనక స్తంభం నుంచి చుక్కాని కొస దాకా వెళ్లే ఏరియల్ (రేడియో) తీగకు మాంజా వాడవద్దు. పూసల దండలు గుచ్చే సాగే దారం బేగంబజార్‌లో దొరుకుతుంది. చుక్కాని తిరిగినా, ఎవరి చేయి తగిలినా తెగదు.

సైనిక్‌పురి_విమానం

నిన్న ఉదయం ఔటర్ రింగ్ రోడ్డు దాటి, డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో ఆకుపచ్చగా ఉన్న చోటు చూసుకుని, కోత అయిపోయిన పొలం పక్కన ఎగరేశాను. హైదరాబాద్ ఉత్తరపు వైపున దుండిగల్, హకీంపేట, బేగంపేట విమాన కేంద్రాలు ఉన్నాయి కాబట్టి ఆ వైపు వెళ్లే ఆలోచనే పెట్టుకోలేదు.

తుది బరువు 2395 గ్రాములు. పొణికి కర్ర పైలట్ తలపాగాతో సహా 14 గ్రాములు. రంగు మొత్తం మూడు పూతలు, ఎయిర్‌బ్రష్‌తో 90 గ్రాములు తేలింది. దించేటప్పుడు మునుపటి కంటే కొంచెం ఎక్కువ వేగం ఉంచవలసి వచ్చింది గాని రెక్క వాలలేదు. తక్కువ ఎత్తులో పక్కనుంచి రెండుసార్లు తిప్పినప్పుడు, ఉదయపు ఎండ ఏటవాలుగా పడి, వెనక బద్దల నీడలు గాలిలో కూడా స్పష్టంగా కనబడ్డాయి. రెక్క మీద పెట్టిన 1100 రివెట్లలో ఒక్కటి కూడా కనబడలేదు.

ఒక లోపం తేలింది. సాగే దారాన్ని మరీ బిగించినట్లున్నాను, చుక్కానిని ఎడమకు లాగుతోంది.

ధూల్‌పేట_పతంగి

విప్పి, రెండు వేళ్ల మందం వదులు ఇచ్చి మళ్లీ ముడి వేయండి. దారం కాస్త వేలాడినా ఫరవాలేదు.